రిబ్బను పట్టుకున్న రోజు

పిల్లల్ని కూర్చోబెట్టి తోసే బండి ముందు చక్రంలో ఇరుక్కున్న గడ్డినీ వెంట్రుకల్నీ నటాలీ వెన్న రాసుకునే కత్తి మొనతో లాగుతోంది. వంటింటి నేల మీద పాత పేపరు పరిచి, బండిని దాని మీద తలకిందులుగా పెట్టింది. రోజూ ఈ పని చెయ్యకపోతే చక్రం బిగుసుకుపోతుంది. ఏడేళ్ళ పిల్లవాడి బరువు కోసం చేసిన బండి కాదది. అందులో కూర్చుంటే ఆమె కొడుకు ఎల్లిస్ కాళ్ళు కిందికి వేలాడి, బూటు మొనలు రోడ్డు రాళ్ళకి రాసుకుంటాయి.

ఎల్లిస్ ఆమె పక్కనే బోర్లా పడుకుని, శుభ్రమైన వెనక చక్రాన్ని వేలితో తిప్పుతున్నాడు. ఆగబోతుంటే మళ్ళీ తిప్పుతాడు.

బల్ల దగ్గర మావిస్ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. అత్తగారు వచ్చి చాలాసేపైనా కోటు విప్పలేదు. గురువారం నుంచీ ఇదే వరస. వస్తుంది, మనవడి తల దువ్వుతుంది, కోడలు అడక్కుండానే ఏదో ఒక పని అందుకుంటుంది. ఎప్పుడు వెళ్ళిపొమ్మంటే అప్పుడు వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నట్టు కోటు మాత్రం ఒంటి మీదే ఉంచుకుంటుంది.

ఎవరూ వెళ్ళిపొమ్మనలేదు. ఉండమనీ అనలేదు.

రేపు ఉదయం మాంచెస్టర్‌లో విచారణ. ఎల్లిస్‌కి వచ్చే వికలాంగ భత్యంలో నడక కింద ఇచ్చేది తక్కువ రేటు. పై రేటు ఇస్తే ఆ డబ్బుకి బదులు కారు తీసుకోవచ్చు. ఆఫీసు వాళ్ళు కుదరదన్నారు, మళ్ళీ చూడమంటే మళ్ళీ కుదరదన్నారు. అందుకే అప్పీలు. ఒక జడ్జి, ఒక డాక్టరు, వికలాంగుల సంగతి తెలిసిన ఇంకో మనిషి, ముగ్గురూ బల్లకి అవతల కూర్చుని నటాలీని అడుగుతారు, పిల్లవాడి కాళ్ళు బాగానే ఉన్నాయి కదా, నడవలేడని ఎలా అంటున్నారు అని.

కాళ్ళు బాగానే ఉన్నాయి. ఇంట్లో మేడ మెట్లు గబగబా ఎక్కుతాడు. గుమ్మం దాటితే ఏ అడుగు ఆఖరిదో ఎవరికీ తెలియదు. ఉన్నట్టుండి రోడ్డు మీద బోర్లా పడుకుంటాడు. ఇక ఆ ఒంటిని లేపడం ఇద్దరు మనుషులకి కూడా చేతకాదు. బస్సుల్లో అలా పడుకుని పడుకుని, చివరికి డ్రైవర్లు వీళ్ళని చూసి ముఖం తిప్పుకునేదాకా వచ్చింది. వేసవి తర్వాత నటాలీ అతన్ని బడి వ్యానుకి తప్ప దేనికీ బయటికి తీసుకెళ్ళలేదు. ఆస్పత్రి పిలుపులు కూడా తప్పిపోయాయి. ఎల్లిస్‌ని ఎత్తితే నడుము పోతుందని డాక్టరు చెప్పింది గాని, నటాలీ వినలేదు.

ఇదంతా ఆ ముగ్గురికీ చెప్పొచ్చు. చెప్పడానికి అన్నీ సిద్ధం చేసుకుంది కూడా. కాని ఆఫీసు వాళ్ళు పంపిన లావాటి కాగితాల కట్టని చాన్నాళ్ళు అల్మరా మీద పడేసి, గురువారం గాని విప్పలేదు. అందులో ఉన్నదాని ప్రకారం, జూన్‌లో ఆఫీసు వాళ్ళు ఇంటికి ఫోన్ చేసినప్పుడు పిల్లవాడి నాయనమ్మ మాట్లాడిందట. వేసవి మొదట్లో వచ్చే విట్ శుక్రవారం పండగకి, చర్చి ఊరేగింపులో మనవడు పెద్ద జెండా నుంచి వేలాడే రిబ్బను పట్టుకుని, చర్చి నుంచి మైదానం దాకా, మళ్ళీ మైదానం నుంచి చర్చి దాకా, ఎవరి సాయమూ లేకుండా నడిచాడని చెప్పిందట.

మీరే అన్నారా అని గురువారం నటాలీ అడిగింది. అన్నాను, జరిగిందేగా అంది మావిస్. మాటలు అక్కడ ఆగిపోయాయి. ఎందుకంటే జరిగిందే. నటాలీకీ తెలుసు. ఊరేగింపు రోజు ఆమె బేకరీలో పనిలో ఉంది. ఎల్లిస్‌ని ఊరేగింపులో పెట్టొద్దని చెప్పి మరీ వెళ్ళింది. తిరిగొచ్చేసరికి మావిస్ గుమ్మంలో నిలబడి, వాడు మొత్తం నడిచాడే పిల్లా అని చెప్పింది. నటాలీ మెట్ల మీద కూలబడి ఏడ్చింది. మర్నాడు బేకరీలో అందరికీ చెప్పింది. నీలం రిబ్బను పట్టుకుని చర్చి తలుపు ముందు నిలబడ్డ ఎల్లిస్ ఫోటో అప్పటినుంచీ ముందుగదిలో గూట్లో ఉంది.

రేపు జడ్జి అది నిజమేనా అని అడిగితే నిజమేనని చెప్పాలి. అబద్ధమాడటం ఆమెకి చేతకాదు. ఆ ఒక్క మాటతో కారు పోతుందని అత్తాకోడళ్ళిద్దరికీ తెలుసు.

వాళ్ళు అడగరులే, ఆ మాట నువ్వు ఎత్తకు అన్నాడు క్రెయిగ్. మూడురోజులుగా ఆమె భర్త అదే మాట తిప్పి తిప్పి చెబుతున్నాడు. ఇప్పుడు కూడా పెరట్లో నిచ్చెనేసుకుని, ఏడాదిగా కారుతున్న చూరు గొట్టాన్ని ఈ ఆదివారమే బాగుచెయ్యాలన్నట్టు పట్టుకున్నాడు.

"ఇవి చాలా?" అంది మావిస్.

"చాలు."

"ఇంకో రెండు తీస్తాను."

"మీ ఇష్టం."

తలుపు చప్పుడైంది. ఆర్నాల్డ్ బటర్‌వర్త్ వచ్చాడు. ఊరి బ్యాండులో పెద్ద డోలు వాయిస్తాడు. మావిస్ ఈడువాడు. చేతిలో భార్య పంపిన పార్కిన్ కేకు పొట్లం ఉంది. పాకం, అల్లం వాసన వంటింట్లోకి ఆయనకంటే ముందే వచ్చింది. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. నటాలీ చెయ్యి కడుక్కుని టీ పెట్టింది.

క్రిస్మస్ పాటల తిరుగుడు గురించి వచ్చానన్నాడు. బ్యాండు ఏ వీధిలో ఎక్కడ ఆగి వాయించాలో ప్రతి ఏడూ ఆయనే చూసుకుంటాడు. కుర్రవాళ్ళు ఎవరూ చేరడం లేదనీ, ఈసారి కొండ పై వీధిదాకా ఎక్కితే పాట ముందు అయిపోతుందో తాము ముందు అయిపోతామో పందెం వేసుకోవచ్చనీ అన్నాడు. మావిస్ నవ్వింది. గురువారం తర్వాత ఆ ఇంట్లో ఎవరైనా నవ్వడం అదే మొదటిసారి.

"ఇంతకీ ఇక్కడికెందుకొచ్చానంటే," అన్నాడాయన టీ కలుపుకుంటూ. "మీ గుమ్మం ముందు ఆగమంటారా, ఆ మలుపు అవతలే ఉండిపొమ్మంటారా? బాబుని మళ్ళీ బెదరగొట్టడం నాకిష్టం లేదు. ఆ రోజు నుంచీ మనసులో పీకుతూనే ఉంది, నా డోలు చప్పుడుకే అలా పడిపోయాడేమోనని. గడ్డం మీద దెబ్బ మానిందా అమ్మాయ్?"

మావిస్ చేతిలో చెక్కు తీసే కత్తి ఆగింది.

"ఏ రోజు?" అంది నటాలీ.

ఆర్నాల్డ్ మావిస్ వంక చూశాడు. ఆమె బంగాళాదుంప వంక చూస్తోంది. తను ఎక్కడ కాలు పెట్టాడో ఆయనకి అర్థమైంది. టోపీ అటూ ఇటూ తిప్పాడు.

"తెలుసనుకున్నాను," అన్నాడు.

"మైదానంలో గట్టు మీంచి పడితే గడ్డానికి తగిలిందన్నారు. చెప్పండి ఆర్నాల్డ్. చెప్పేసి టీ తాగండి."

ఆయన చెప్పాడు, తక్కువ మాటల్లో, ఎవరి ముఖమూ చూడకుండా. ఊరేగింపు చర్చి తలుపు దగ్గర బయల్దేరింది. బాబు రిబ్బను పట్టుకుని బాగానే వచ్చాడు, మందుల షాపు దాకా. చర్చి నుంచి మందుల షాపు ఎంత దూరమో నటాలీకి తెలుసు. చర్చి గుమ్మంలో నిలబడి పిలిస్తే వినిపించేంత. అక్కడ రిబ్బను వదిలేసి రోడ్డు మీద బోర్లా పడుకున్నాడు. ముందు జెండా మోసేవాళ్ళు ఆగారు. వెనక బ్యాండు నిలబడ్డచోటే కాళ్ళు కదుపుతూ వాయించింది. తర్వాత ఒక్కొక్క వాయిద్యమే ఆగిపోయింది. క్రెయిగ్ లేపబోతే బాబు మణికట్టు కొరికాడు. చివరికి ఆర్నాల్డే డోలు భుజం మీంచి దించి, బ్యాండువాళ్ళు ఇంకో ఇద్దరు పట్టుకోగా, బాబుని ఎత్తుకుని మందుల షాపులోకి తీసుకెళ్ళాడు. గడ్డం నుంచి రక్తం వస్తోంది. షాపు అమ్మాయి తుడిచింది. బయట ఊరేగింపు కదిలింది.

"మరి రిబ్బను?" అంది నటాలీ. ఎందుకలా అడిగిందో ఆమెకే తెలియదు.

"దాన్ని నేల మీద ఈడవనివ్వకూడదు కదా," అన్నాడు ఆర్నాల్డ్ మెల్లగా. "మావిస్ పట్టుకుంది. పిల్లల మధ్యలో తనే పట్టుకుని మైదానం దాకా నడిచింది. తిరిగీ తనే తెచ్చింది."

ఎల్లిస్ చక్రం తిప్పాడు.

టీ సగంలో వదిలేసి ఆర్నాల్డ్ లేచాడు. గుమ్మం దగ్గర నటాలీ ఆయనకి రేపటి విచారణ సంగతి చెప్పింది. ఆయన తలూపాడు. మావిస్ ఒప్పుకుంటే తనూ వచ్చి చెబుతానని, లోపల ఆమెకీ వినపడేలా అన్నాడు. ఆమె వద్దంటే మాత్రం రాలేనన్నాడు. ఆమె పేరు చెడేలా నలుగురిలో మాట్లాడటం తన వల్ల కాదన్నాడు. క్షమించు అమ్మాయ్ అన్నాడు. దేనికి క్షమించాలో చెప్పలేదు.

నటాలీ పెరటి తలుపు తీసి క్రెయిగ్‌ని పిలిచింది. గట్టిగా పిలవలేదు. ఆ గొంతు విని అతను నిచ్చెన దిగొచ్చాడు.

"నీ మణికట్టు మీద మచ్చ. పనిలో పైపు క్లిప్పు గీరుకుందన్నావు."

క్రెయిగ్ తల్లి వంక చూశాడు. తర్వాత బల్ల మీద సగం మిగిలిన టీ వంక చూశాడు.

"ఆర్నాల్డ్ వచ్చాడా?"

"వచ్చాడు."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తడి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఆ రోజే చెప్పాలనుకున్నానన్నాడు. ఇంటికొచ్చే దారిలో అమ్మే ముందుకి నడిచి, నేను చెబుతానులే అంది. తను లోపలికొచ్చేసరికి నటాలీ మెట్ల మీద ఉంది.

"నువ్వు సంతోషంతో ఏడవడం నేను ఎన్నాళ్ళకి చూశానో తెలుసా? ఇక ఎలా చెప్పను? తర్వాత చెబుదామనుకున్నాను. తర్వాత నువ్వు ఫోటోకి చట్రం కట్టించావు."

"గురువారం చెప్పొచ్చుగా. ఆ కాగితం నీకు చదివి వినిపించాను. మూడురోజులు నేను నిద్రపోకుండా, జడ్జికి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అని చస్తుంటే, నువ్వు నిచ్చెనెక్కి కూర్చున్నావు."

నటాలీకి కోపం రావాల్సింది. వెతికితే అలసట తప్ప ఏమీ దొరకలేదు. ఒక వంక మేలే జరిగింది. రేపు జడ్జి అడిగితే లేదు, వాడు నడవలేదు అని చెప్పొచ్చు. కాని ఇన్నాళ్ళూ, ఎల్లిస్ రోడ్డు మీద పడుకున్న ప్రతిసారీ, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని జనం పోయేదాకా ఎదురుచూస్తున్న ప్రతిసారీ, ఒక్క రోజు నడిచాడుగా, మళ్ళీ నడుస్తాడు అనుకుంటూ గడిపింది. రేపు గెలవాలంటే ఆ రోజుని తన చేత్తోనే ఆ ముగ్గురి ముందూ చింపెయ్యాలి. చింపడానికి కూడా అదిప్పుడు లేదు.

"నన్నేమైనా అను పిల్లా," అంది మావిస్. "వాణ్ణేమీ అనకు. చెప్పొద్దన్నది నేనే."

"ఎందుకు?"

మావిస్ కత్తి కింద పెట్టింది. చెక్కులన్నీ ఒక కుప్పగా చేర్చింది. ఆ ఫోన్ చేసిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడిందని చెప్పింది. బొత్తాలు పెట్టుకోలేడా అంటే పెట్టుకోలేడు అంది. మాటలు రావా అంటే రావు అంది. ప్రమాదం తెలియదా అంటే తెలియదు అంది. అలా అడుగుతూనే పోయింది.

"అన్నిటికీ అవునే అన్నాను. చివర్లో, ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా అంది. వాడి గురించి ఒక్క మంచిమాటైనా చెప్పకుండా ఫోన్ ఎలా పెట్టను?"

"మంచిమాట చెప్పాలనుకుంటే, మెట్ల మీద మీ అడుగు చప్పుడు వినపడగానే తలుపు దగ్గరికి వస్తాడని చెప్పొచ్చుగా. వేరే ఎవరికీ రాడు. నాకూ రాడు."

"అదేం గొప్ప?"

"నాకు గొప్పే."

మావిస్ ముఖంలో ఏదో కదిలి ఆగిపోయింది. క్రెయిగ్ అమ్మా అన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

నటాలీ ఎదురుగా కూర్చుంది. చాలా మామూలుగా చెప్పింది. నేను చెబితే వాళ్ళు నమ్మరు, నేను అక్కడ లేను. ఫోన్లో చెప్పింది మీరు. కాబట్టి రేపు మీరు రావాలి. జరిగింది జరిగినట్టు చెప్పండి, అంతే. ఒక ఊరేగింపు మొత్తం మావాడి కోసం రోడ్డు మీద ఆగిపోయిందని చెప్పండి. వాళ్ళకి అర్థంకావాల్సింది అదే.

"గవర్నమెంటుకి అబద్ధమాడిందని రాసుకుంటారు."

"రాసుకోనివ్వండి."

"నీకేం, అంటావు." మావిస్ గొంతు పెరగలేదు, సన్నబడింది. "ఆ రోజు వీధి వీధంతా చూసింది. వాడు నేల మీద, నేను వాడి రిబ్బను పట్టుకుని పిల్లల మధ్య. ఒక్కరు నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాతి ఆదివారం చర్చిలో కూడా ఎప్పటిలాగే పక్కకి జరిగి చోటిచ్చారు. ఏమీ జరగనట్టు ఉండటం, అది వాళ్ళు నాకు చేసిన మర్యాద. ఇప్పుడు నేనే లేచి, జరిగింది అని చెప్పాలి."

"మీకు మర్యాద దక్కింది. మావాడికి దక్కింది ఈ బండి," అంది నటాలీ తలకిందులుగా ఉన్న దాన్ని చూపించి.

అన్న వెంటనే, అనకుండా ఉండాల్సింది అనుకుంది. కాని వెనక్కి తీసుకునే ఓపిక లేదు.

ఎల్లిస్ లేచి వచ్చి మావిస్ కోటు జేబులో చెయ్యి పెట్టాడు. అక్కడ ఎప్పుడూ ఉండే పిప్పరమెంటు బిళ్ళ తీసుకున్నాడు. కాగితం విప్పమని ఆమె చేతిలో పెట్టాడు. ఆమె విప్పి నోట్లో పెట్టింది. వాడు మళ్ళీ చక్రం దగ్గరికి వెళ్ళిపోయాడు.

"నేనైతే వెళ్ళి చెప్పగలను," అన్నాడు క్రెయిగ్ చివరికి. ఎవరివంకా చూడలేదు. "నేనూ అక్కడున్నాను. కాని చెబితే, మా అమ్మ చెప్పింది అబద్ధం అని చెప్పాలి. ఆ మాటతోనే మొదలుపెట్టాలి."

"అవును," అంది నటాలీ.

"అమ్మా?"

అతను ఇంకోసారి పిలిచాడు. మొదటిసారి అడిగినట్టుంది, రెండోసారి అనుమతి కోరినట్టుంది. నటాలీ ఇద్దరి మధ్యా చూపు పెట్టి కూర్చుంది. ఏడేళ్ళుగా తన మొగుడు తల్లి ముఖం చూడకుండా ఒక్క మాటా పూర్తిచెయ్యలేదని ఆమెకిప్పుడే తెలిసినట్టనిపించింది. తెలియక కాదు, గుర్తు చేసుకోవాల్సిన అవసరం ఇప్పటిదాకా రాలేదు.

"టాక్సీ పొద్దున ఎనిమిదింటికి వస్తుంది," అన్నాడు క్రెయిగ్. గొంతు సవరించుకున్నాడు. "అందులో నీకూ చోటుంటుందమ్మా. నువ్వు వస్తే నువ్వే చెబుదువుగాని. రాకపోతే నేను చెబుతాను."

ఆ మాట అంత దూరం వచ్చాక, అతనే దానికి భయపడ్డట్టు బల్ల అంచు పట్టుకున్నాడు.

మావిస్ లేచింది. చెక్కు తీసిన దుంపలు గిన్నెలో వేసి, మునిగేదాకా నీళ్ళు పోసింది. కత్తి కడిగి, తుడిచి, సొరుగులో పెట్టింది. చెక్కులు పేపర్లో చుట్టింది. కోటు బొత్తాలు కింది నుంచి మెడదాకా ఒక్కొక్కటీ పెట్టుకుంది. ఎల్లిస్ తల మీద చెయ్యి ఉంచి కాసేపు అలాగే నిలబడింది. వాడు చక్రం వంకే చూస్తున్నాడు.

నటాలీ ఆమె ఏదో అంటుందని ఎదురుచూసింది. వస్తానని గాని, రానని గాని. తిట్టినా సరే.

మావిస్ పెరటి తలుపు తీసుకుని బయటికి వెళ్ళింది. చినుకులు పడుతున్నాయి. గొడుగు తలుపు పక్కనే ఉంది, తీసుకోలేదు. క్రెయిగ్ లేవబోయాడు. నటాలీ అతని భుజం మీద చెయ్యి వేసింది. ఆపడానికో, ఆసరాకో ఆమెకే తెలియలేదు.

కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. గేటు దాటి కొండ పైకి వెళ్తే మావిస్ ఇల్లు. కింద చర్చి ఉంది, బస్టాపు ఉంది, ఆర్నాల్డ్ ఇల్లు ఉంది. ఆమె గేటు దగ్గర ఆగింది. వెనక్కి చూడలేదు. తర్వాత కిందికి తిరిగింది.